రాడ్డా, బంతి మార్పిడా? ముందు గీత ఎక్కడుందో అడగండి

"మా అమ్మకు 76 ఏళ్లు. నిన్న రాత్రి మంచం దిగబోయి పడిపోయింది. తొడ ఎముక పైభాగం విరిగిందన్నారు. ఒక డాక్టర్ రాడ్ వేస్తే చాలన్నారు. ఫోన్‌లో ఎక్స్‌రే చూసిన ఇంకో డాక్టర్ తుంటి కీలులో బంతి మార్చాలన్నారు. బంధువులేమో ఈ వయసులో కోత ఎందుకు, ట్రాక్షన్ పెట్టి పడుకోబెడితే అదే అతుక్కుంటుంది అంటున్నారు. అమ్మకు బీపీ, షుగర్ ఉన్నాయి, రక్తం పలచబడే మాత్ర కూడా వేసుకుంటుంది. ఎవరి మాట వినాలి?"

మీరు అడిగినవాటిలో ముందు బంధువుల మాట తేల్చేస్తాను. ఆ చర్చలోనే ఇంట్లోవాళ్లు రెండు మూడు రోజులు పోగొట్టుకోవడం ఎముకల డాక్టర్‌గా ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను.

ట్రాక్షన్‌తో, అంటే కాలికి బరువు కట్టి లాగి ఉంచితే, అతుక్కోదా అంటే, కొన్ని రకాలు అతుక్కుంటాయి. ఒకప్పుడు అదే వైద్యం. కానీ అందుకు రెండు మూడు నెలలు వెల్లకిలా కదలకుండా పడుకోవాలి. డెబ్బై దాటిన మనిషి అలా పడుకుంటే రోజుల్లోనే నడుము కింద చర్మం కమిలి పుండు పడుతుంది. సరిగ్గా దగ్గలేక ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది. పిక్కల్లో గడ్డకట్టిన రక్తం కదిలి ఊపిరితిత్తుల్లో అడ్డుపడొచ్చు. ఆపరేషన్ బాగా జరిగినా సరే, ఈ వయసులో తుంటి విరిగినవాళ్లలో ఐదుగురిలో ఒకరు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువమంది, ఏడాది తిరగకుండానే పోతున్నారు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆపరేషన్ ఎముక కోసం అనుకుంటారు అందరూ, నిజానికి అది మనిషిని మంచం దించడం కోసం. అంతకుముందే మంచాన పడి ఉన్నవాళ్లకు కూడా చాలాసార్లు చేస్తాం. పక్కకు తిప్పినప్పుడల్లా, బట్ట మార్చినప్పుడల్లా వాళ్లు పెట్టే కేక ఒక్కసారి విన్నవాళ్లెవరూ ఎందుకు చేస్తారని అడగరు.

అన్నట్టు, ఆపరేషన్ అయ్యేలోపు కాలికి బరువు వేలాడదీసే అలవాటు చాలాచోట్ల ఉంది. నొప్పి తగ్గుతుందని పెడతారు గానీ, పోల్చి చూసిన అధ్యయనాల్లో దానివల్ల లాభం కనబడలేదు. గజ్జ దగ్గర నరానికి ఇచ్చే మత్తు ఇంజెక్షన్ ఎంతో మేలు. దాన్ని క్యాజువాలిటీలోనే ఇవ్వొచ్చు. అమ్మగారికి ఇచ్చారో లేదో అడగండి.

ఇక రాడ్డా, బంతా? తొడ ఎముక పై చివర ఒక బంతి ఉంటుంది. అది కటి ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. బంతి కింద సన్నటి మెడ. మెడ కింద రెండు బుడిపెలు, పక్కన చేత్తో తడిమితే తగిలే పెద్దది ఒకటి, లోపలివైపు చిన్నది ఒకటి. ఆ కింద నుంచి నిలువు ఎముక మొదలవుతుంది. బంతినీ మెడనూ కలిపి ఒక తిత్తి కప్పి ఉంచుతుంది. మొత్తం కథ ఈ తిత్తి దగ్గరే ఉంది.

బంతికి రక్తం చాలావరకు కింద నుంచి వస్తుంది. సన్నటి రక్తనాళాలు మెడను అంటిపెట్టుకుని పైకి పాకుతాయి. మెడ విరిగి ముక్కలు పక్కకు జరిగితే ఆ నాళాలు తెగుతాయి, లేదా మెలిపడతాయి. అప్పుడు బంతి తొడిమ తెగిన కాయలాంటిది. పైకి బాగానే కనిపిస్తుంది, లోపల ఎండిపోతుంది. పైగా మెడ చుట్టూ కీలు నీరు ఉంటుంది, మిగతా ఎముకల్లాగా మందపాటి పొర ఉండదు, అందుకని అక్కడ అతుకు పడటం కష్టం. అదే తిత్తికి బయట, బుడిపెల దగ్గర విరిగితే రక్తానికి కొదవ లేదు. అక్కడ ఎముక దాదాపు ఎప్పుడూ అతుక్కుంటుంది. అతుక్కునేలోపు వంకరపోకుండా, పొట్టిపడకుండా పట్టి ఉంచడమే అసలు పని.

అందుకే బుడిపెల దగ్గర విరిగితే రాడ్డో ప్లేటో వేసి పట్టి ఉంచుతాం. పెద్దవయసులో మెడ విరిగి జరిగిపోతే బంతి మారుస్తాం. మీకు ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పడానికి కారణం చాలావరకు ఎక్స్‌రేయే అయి ఉంటుంది. తుంటి విరిగినప్పుడు పాదం బయటికి తిరిగిపోతుంది. ఆ భంగిమలోనే తీసిన ఎక్స్‌రేలో మెడ కుదించినట్టు, పెద్ద బుడిపె వెనక దాక్కున్నట్టు కనబడుతుంది. ఎముక విరిగిన గీత మెడలో ఉందో, మెడ మొదట్లో ఉందో, బుడిపెల మధ్య ఉందో చెప్పడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. అది మళ్లీ ఫోన్‌లో ఫొటో తీసి పంపితే చెప్పేదేముంది! నొప్పికి మందిచ్చి, కాలిని మెల్లగా లాగి లోపలికి తిప్పి పట్టుకుని ఇంకో ఎక్స్‌రే తీస్తే సగం అనుమానాలు తీరిపోతాయి. పక్క నుంచి తీసేది కూడా ఒకటి కావాలి. అప్పటికీ తేలకపోతే సీటీ తీస్తారు. పడ్డాక నడవలేకపోతున్నా ఎక్స్‌రేలో ఏమీ కనబడనివాళ్లకు ఎమ్మారై తీస్తే సన్నటి పగులు బయటపడుతుంది.

మెడ ఫ్రాక్చర్ సంగతి చూద్దాం. గార్డెన్ అనే సర్జన్ 1961లో దీన్ని నాలుగు దశలుగా విడదీశారు. ఇప్పటికీ కేస్ షీట్ల మీద అదే రాస్తాం, కానీ నిర్ణయం మాత్రం ఒక్కదాని మీదే: ముక్క జరిగిందా, లేదా? జరగకుండా ఒకదాంట్లో ఒకటి దిగబడి ఉంటే, పక్కన చిన్న కోతతో మూడు స్క్రూలు వేస్తాం. మూడూ ఒకదానికొకటి సమాంతరంగా, తలకిందుల త్రిభుజంలా. అన్నిటికన్నా కిందిది మెడ అడుగున ఉండే గట్టి ఎముకను ఆనుకుని వెళ్లాలి. మధ్యలో గుల్ల ఎముకలో వేసిన స్క్రూ, ఇసుకలో పాతిన కర్ర ఒకటే. మూడు స్క్రూలకు బదులు ప్లేటుతో కూడిన ఒక లావు స్క్రూ కూడా వేయొచ్చు. ఏది మంచిదో తేల్చడానికి యాభై దాటిన వెయ్యిమందికి పైగా రోగులతో ఒక పెద్ద పరిశోధన చేసి, 2017లో ఫలితాలు ప్రచురించారు. మొత్తంగా చూస్తే మళ్లీ ఆపరేషన్ అవసరపడటంలో తేడా రాలేదు. కాబట్టి మీ సర్జన్‌కి ఏది చేతికి అలవాటో దాన్ని చేయనివ్వండి.

జరిగిపోయిందా, 76 ఏళ్ల మనిషికి బంతి మార్చడమే నా మాట కూడా. స్క్రూలతో కాపాడదామని చూస్తే అతుకు పడకపోవడమో, బంతి ఎండి కుంగిపోవడమో జరిగి, మళ్లీ బల్ల ఎక్కాల్సి వచ్చేవాళ్లు చాలామంది. ఈ వయసులో రెండో ఆపరేషన్ తట్టుకోవడం తేలిక కాదు.

మార్చడంలో రెండు రకాలు. బంతి ఒక్కటే మార్చి గిన్నెను అలాగే వదిలేస్తే సగం మార్పిడి. గిన్నెకు కూడా కొత్త కప్పు వేస్తే పూర్తి మార్పిడి. సగం మార్పిడిలో ఏం చేస్తామో చెబితే మీకు అంత బెరుకు ఉండదు. తిత్తి తెరిచి, విరిగిన బంతిలోకి సీసా బిరడా తీసే మరలాంటి పనిముట్టు తిప్పి బయటికి లాగుతాం. దాన్ని కొలిచే రింగుల్లో పెట్టి చూస్తాం. 44 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి, గిన్నెలోకి అంత సైజుదే వెళ్లాలి. చిన్నదైతే ఒకేచోట గుచ్చుతుంది, పెద్దదైతే లోపలికి దిగదు. తర్వాత నిలువు ఎముక బోలును ఆకురాయిలాంటి పనిముట్లతో సరిచేసి, సిమెంట్ నింపి కాడను దింపుతాం. సిమెంట్ గట్టిపడే ఆ పది పదిహేను నిమిషాలు కాడను ఏమాత్రం కదలనివ్వకుండా పట్టుకోవాలి. థియేటర్‌లో ఎవరూ పెద్దగా మాట్లాడని సమయం అదే. మత్తు డాక్టర్ కళ్లు మానిటర్ మీదే ఉంటాయి, ఎందుకంటే సిమెంట్ నొక్కేటప్పుడు కొందరికి బీపీ ఒక్కసారిగా పడిపోతుంది.

అంత రిస్క్ ఉంటే సిమెంట్ లేకుండా బిగించొచ్చు కదా అంటారు. గుల్లబారిన ఎముకలో సిమెంట్ లేని కాడను బలంగా దింపితే ఎముకే చీలుతుంది, అప్పుడో, కొన్ని నెలల తర్వాతో. 2022లో వచ్చిన పెద్ద పోలిక కూడా సగం మార్పిడిలో సిమెంట్ వైపే మొగ్గింది. సిమెంట్ వేసినవాళ్లు కాస్త మెరుగ్గా ఉన్నారు, కాడ చుట్టూ ఎముక విరగడమూ తక్కువే. గుండె, ఊపిరితిత్తులు మరీ బలహీనంగా ఉంటే మాత్రం ఆ లెక్క మారొచ్చు. అది మత్తు డాక్టర్‌తో కలిసి తేల్చుకోవాల్సిన మాట.

సగమా, పూర్తిగానా? ఇంట్లోవాళ్లు ఎక్కువగా పూర్తిది అడుగుతారు, పేరులోనే పూర్తి ఉంది కాబట్టి. సుమారు 1,500 మందితో చేసిన అంతర్జాతీయ పరిశోధన 2019లో వచ్చింది. రెండేళ్లలో మళ్లీ ఆపరేషన్ అవసరమైనవాళ్లు రెండు వర్గాల్లోనూ దాదాపు సమానమే. పూర్తి మార్పిడి చేయించుకున్నవాళ్ల నడక, నొప్పి కొంచెం మెరుగే గానీ పెద్ద తేడా కాదు. పూర్తిది ఎక్కువ సేపు పడుతుంది, బంతి కీలు నుంచి జారిపోయే అవకాశం కూడా దాంట్లో కాస్త ఎక్కువ. పడకముందు కర్ర లేకుండా బయట తిరిగి పనులు చేసుకున్న మనిషి, జ్ఞాపకశక్తి బాగున్న మనిషి, ఇంకా పదేళ్లు చురుగ్గా ఉంటారనిపించే మనిషి అయితే పూర్తి మార్పిడి గురించి మాట్లాడతాను. కీలు అప్పటికే అరిగిపోయి ఉంటే కూడా అంతే. ఇంట్లోనే నాలుగు అడుగులు వేసేవాళ్లకు సగం మార్పిడే చాలు. బైపోలార్ అని రెండు పొరల బంతి ఉంటుంది, మామూలు బంతికన్నా ఖరీదు. పెద్దవయసువాళ్లలో ఆ ఖర్చుకు తగ్గ తేడా కనబడలేదు.

వయసులో ఉన్నవాళ్లకు లెక్క పూర్తిగా వేరు. ముప్పై, నలభై ఏళ్లవాళ్లకు మెడ విరిగితే వాళ్ల బంతి వాళ్లకే ఉండాలని శాయశక్తులా చూస్తాం. రాత్రయినా సరే వీలైనంత త్వరగా, ముక్కలను మిల్లీమీటర్లలో సరిచేసి, అవసరమైతే కోసి చూసి మరీ బిగిస్తాం. యాక్సిడెంట్లో ఎముక నిలువుగా చీలినట్టు విరిగితే స్క్రూలు జారే భయం ఎక్కువ. అలా కాపాడిన బంతి రెండు మూడేళ్ల తర్వాత కూడా ఎండిపోవచ్చు, అందుకని అన్నాళ్లూ ఎక్స్‌రేలు తీయించుకోవాలి. ఇది మీ అమ్మగారికి వర్తించదు, ఇంతటితో వదిలేస్తున్నాను.

ఇప్పుడు రాడ్ అన్న డాక్టర్ మాట. గీత బుడిపెల మధ్య ఉంటే ఆయన చెప్పిందే సరి. ఇక్కడ రెండు పనిముట్లు. ఒకటి పక్కన వేసే ప్లేటు, దాని గొట్టంలోంచి బంతిలోకి వెళ్లే లావు స్క్రూ. ఆ స్క్రూ గొట్టంలో జారగలదు. మనిషి నిలబడినప్పుడల్లా కొంచెం జారి, విరిగిన ముక్కలు ఒకదానికొకటి నొక్కుకుంటాయి. రెండోది ఎముక బోలు లోపలికే దింపే రాడ్, దాని పైభాగంలోంచి బంతిలోకి అడ్డంగా స్క్రూ లేదా మెలితిరిగిన బ్లేడు. రాడ్ లోపల ఉంటుంది కాబట్టి ఒంటి బరువు దారికి దగ్గరగా ఉంటుంది, వంగే ఒత్తిడి తక్కువ. రెండు ముక్కలుగా శుభ్రంగా విరిగితే ప్లేటు చాలు, ఫలితాలూ సమానమే. లోపలి బుడిపె పెద్ద ముక్కగా ఊడినా, ఎముక బయటిపక్క గోడ పలచగా ఉన్నా, గీత ఏటవాలుగా తిరగబడినా రాడ్డే. అలాంటిచోట ప్లేటు వేస్తే కింది ఎముక లోపలికి జారిపోయి అంతా కుంగుతుంది.

రాడ్ కంపెనీ ఏది, టైటానియమా స్టీలా అని అడుగుతారు. నన్నడిగితే వైరు ఎక్కడ పడిందో అడగమంటాను. ఎందుకో చెబుతాను. రోగిని ట్రాక్షన్ బల్ల మీద పడుకోబెట్టి, బూటులో పాదాన్ని బిగించి, లాగి లోపలికి తిప్పి ముక్కలను వరసలోకి తెస్తాం. సి-ఆర్మ్ అనే కదిలే ఎక్స్‌రే మెషీన్లో ముందు నుంచీ పక్క నుంచీ చూసుకుంటూ మొదట ఒక సన్నటి వైరును బంతిలోకి పంపుతాం. స్క్రూ వెళ్లేది ఆ వైరు దారిలోనే. బంతి నడిమధ్యకు, పైచివరకు దగ్గరగా చేరాలి. స్క్రూ కొనకూ బంతి కొనకూ మధ్య దూరం రెండు కోణాల్లో కొలిచి కలిపితే 25 మిల్లీమీటర్ల లోపు ఉండాలని 1995 నుంచీ పాటిస్తున్న నియమం. చాలా ఏళ్ల కిందట ఒక పెద్దావిడకు ఆపరేషన్ చేస్తుంటే వైరు కొంచెం పైకి, ముందుకు పడింది. మళ్లీ వేయాలని తెలుసు. కానీ అప్పటికే ఆలస్యమైందని, బీపీ తగ్గుతోందని సరిపెట్టుకున్నాను. ఆరువారాలకు వచ్చారు. ఎక్స్‌రేలో స్క్రూ బంతిని చీల్చుకుని గిన్నెలోకి పొడుచుకొచ్చి ఉంది. అన్నీ తీసేసి పూర్తి మార్పిడి చేయాల్సి వచ్చింది. ఆ రోజు ఐదు నిమిషాలు మిగుల్చుకున్నందుకు ఆవిడ నాలుగు నెలలు మూల్యం చెల్లించారు. అప్పటినుంచీ వైరు నచ్చేదాకా ఎన్నిసార్లయినా వేస్తాను.

బుడిపెల కింద, నిలువు ఎముక మొదట్లో విరిగితే పొడవాటి రాడ్ తప్పదు. అక్కడ కండరాలు పై ముక్కను ముందుకూ పక్కకూ లాగేస్తాయి, దాన్ని సరిచేశాకే రాడ్ దింపాలి. రాడ్ దింపితే అదే వరసలోకి వస్తుందిలే అనుకుంటే వంకరగానే అతుక్కుంటుంది. ఎముకలు గట్టిపడటానికి అలెండ్రోనేట్‌లాంటి మాత్రలు చాలా ఏళ్లు వాడినవాళ్లలో ఇక్కడే ఒక ప్రత్యేకమైన ఫ్రాక్చర్ వస్తుంది. పెద్దగా దెబ్బ తగలకుండానే విరుగుతుంది, అంతకు ముందు కొన్ని వారాలు తొడ సలుపుతుంది. అమ్మగారు అలాంటి మాత్ర వాడుతుంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి, రెండో తొడకు కూడా ఎక్స్‌రే తీయాలి.

ఎప్పుడు చేయాలి అంటే, చేరిన రోజో మర్నాడో. రెండు రోజులు దాటనివ్వకూడదు. ఆరు గంటల్లోపే చేస్తే ప్రాణాలు దక్కుతాయేమో అని దాదాపు మూడు వేలమందితో పరీక్షించి 2020లో ఫలితం చెప్పారు. మరణాల్లో తేడా రాలేదు గానీ, త్వరగా చేసినవాళ్లలో మనసు గందరగోళపడటం తగ్గింది, లేచి నిలబడటం కూడా ముందే జరిగింది. షుగర్ 200 ఉంది, బీపీ 160 ఉంది అని వారం ఆపడంలో అర్థం లేదు. వాటిని ఆపరేషన్ బల్ల దాకా సరిచేసుకుంటూనే వెళ్లొచ్చు. నిజంగా ఆగాల్సినవి గుండెపోటు, ఊపిరి అందకపోవడం, సోడియం మరీ పడిపోవడంలాంటివి.

రక్తం పలచబడే మాత్ర పేరు మీరు రాయలేదు, అదే ముఖ్యం. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ అయితే సాధారణంగా వాటి కోసం వారం ఆగరు, నడుములో ఇచ్చే స్పైనల్ మత్తుకు బదులు పూర్తి మత్తు ఇస్తారు అవసరమైతే. వార్ఫరిన్ అయితే విటమిన్ కె ఇచ్చి త్వరగానే దాని ప్రభావం తగ్గిస్తారు. కొత్తరకం మాత్రలైతే చివరి డోసు ఎప్పుడు వేసుకున్నారు, కిడ్నీలు ఎలా ఉన్నాయి అన్నదాన్ని బట్టి ఒకటి రెండు రోజులు ఆగుతారు. మాత్ర డబ్బాను పట్టుకెళ్లి చూపించండి, ఆపాలా వద్దా అన్నది మీరు నిర్ణయించొద్దు. నడుములో ఇచ్చే మత్తు మంచిదా, పూర్తి మత్తు మంచిదా అని టెన్షన్ పడకండి. 2021లో వచ్చిన పోలికలో రెండు నెలల తర్వాత నడవడంలో గానీ, ప్రాణాల్లో గానీ తేడా లేదు.

ఆపరేషన్ మర్నాడే వాకర్ ఇచ్చి నిలబెడతారు. నొప్పి ఓర్చుకోగలిగినంత బరువు వేయనివ్వాలి. పాపం అమ్మ, వద్దులెండి అని మీరే అడ్డుపడొద్దు. రాత్రుళ్లు పొంతన లేకుండా మాట్లాడినా, మిమ్మల్ని గుర్తుపట్టకపోయినా కంగారుపడకండి, ఈ వయసులో అది తరచూ వస్తుంది, చాలామందిలో మెల్లగా తగ్గుతుంది. వెంటనే డాక్టర్‌కు చెప్పండి, కళ్లజోడు, వినికిడి మెషీన్ పెట్టండి, తెలిసిన గొంతు ఒకటి పక్కన ఉండాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు సుమారు నెలరోజులు వాడతారు. బంతి మారిస్తే ఏ భంగిమలో కూర్చోకూడదో, ఎన్నాళ్లో ముందే అడిగి తెలుసుకోండి. అది కీలును ముందు నుంచి తెరిచారా, వెనక నుంచి తెరిచారా అన్నదాని మీద ఉంటుంది.

ఇంకొకటి. నిలబడిన ఎత్తు నుంచి పడితే తుంటి విరిగిందంటే ఎముకలు గుల్లబారాయనే లెక్క, రెండో తుంటి కూడా అదే ఎముక. జోలెడ్రోనిక్ యాసిడ్ అని ఏడాదికి ఒక్కసారి ఇచ్చే ఇంజెక్షన్ ఉంది. తుంటి ఆపరేషన్ అయిన 90 రోజుల్లోపు మొదటిది ఇచ్చినవాళ్లలో కొత్త ఫ్రాక్చర్లు 35 శాతం తగ్గాయని 2007లోనే తేలింది. ముందు విటమిన్ డి సరిచేయాలి, కిడ్నీలు చూడాలి. ఇందాక చెప్పిన మాత్రల ఫ్రాక్చర్ అయితే మాత్రం ఈ మందు ఇవ్వరు. స్క్రూలూ రాడ్లూ బిగించే హడావుడిలో దీన్ని రాయడం మేమే చాలాసార్లు మరిచిపోతాం. డిశ్చార్జ్ కాగితంలో ఎముకల మందు పేరు లేకపోతే, ఆ కాగితం చేతిలో పట్టుకుని వెనక్కి వెళ్లి అడగండి.